క్లబ్బులు మారుతూ ఆడిన మిడ్‌ఫీల్డర్ హెడ్ కోచ్ కావడం ఎలా?

మీరు చాలా ఏళ్లుగా మిడ్‌ఫీల్డ్‌లో ఆడుతున్నారు, నాలుగైదు క్లబ్బులు మారారు, జట్టు గెలిచినా ఓడినా పత్రికల్లో మీ గురించి ప్రత్యేకంగా రాసింది తక్కువ, ఇప్పుడు వయసు ముప్పై దాటింది. ఆట ముగిశాక ఏదో ఒక క్లబ్‌కు హెడ్ కోచ్ కావాలని మీకుంటే ముందుగా ఒక విషయం తెలుసుకోవాలి. పేరున్న స్టార్‌కు పిలుపు ఇంటికి వస్తుంది, మీకు రాదు. మీలాంటివారికి ఈ ఉద్యోగం సాధారణంగా సీజన్ మధ్యలో కోచ్ పదవి హఠాత్తుగా ఖాళీ అయినప్పుడే దొరుకుతుంది. అదీ ఆ రోజుకు మీరు ఆ క్లబ్ లోపలే పని చేస్తూ, తగిన లైసెన్సు చేతిలో ఉంచుకుని, యాజమాన్యానికి మీ పనితీరు తెలిసి ఉంటేనే. కింద చెప్పిన మెట్లన్నీ ఆ రోజు కోసం చేసే ఏర్పాట్లే.

మన దేశంలో ఈ దారిలో నడిచినవారిలో ఖాలిద్ జమీల్‌ను గమనించడం అన్నిటికన్నా ఉపయోగకరం. 1977లో కువైట్‌లో పుట్టిన ఆయన మహీంద్రా యునైటెడ్, ఎయిర్ ఇండియా, ముంబయి ఎఫ్‌సీ జట్లకు మిడ్‌ఫీల్డర్‌గా ఆడారు. భారత జట్టు జెర్సీ కూడా వేసుకున్నారు గానీ గాయాలు ఆయనను ఎక్కువ కాలం ఆడనివ్వలేదు. 2009లో తాను ఆడిన ముంబయి ఎఫ్‌సీకే కోచ్ అయ్యారు, 2017లో మిజోరాం క్లబ్ ఐజాల్ ఎఫ్‌సీని అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్ విజేతగా నిలిపారు, 2025 ఆగస్టులో భారత జట్టు హెడ్ కోచ్ పదవి చేపట్టారు. ఈ 16 ఏళ్లలో ఆయన పైకి ఎక్కడమే కాదు, కిందికి దిగడమూ ఉంది. మీకు ఎక్కువగా పనికొచ్చేది ఆ దిగిన భాగమే కాబట్టి దాన్ని చివర్లో చూద్దాం.

ఆడుతున్నప్పుడే లైసెన్సు మొదలుపెట్టండి

కోచింగ్ లైసెన్సుల వరుస అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య, అంటే ఏఐఎఫ్‌ఎఫ్, ఇచ్చే ‘డి’ లైసెన్సుతో మొదలై, ‘సి’, ‘బి’, ‘ఏ’ల మీదుగా ‘ప్రో’ దగ్గర ముగుస్తుంది. ‘డి’ కోర్సు కొద్ది రోజుల్లో అయిపోతుంది, రాష్ట్ర సంఘాల ద్వారా తరచూ జరుగుతుంది కాబట్టి తెలంగాణలో గానీ ఆంధ్రప్రదేశ్‌లో గానీ ఆడుతున్నవారు ఆఫ్ సీజన్‌లో దాన్ని పూర్తి చేయవచ్చు. ఆ తర్వాతి మెట్లు అంత సులువు కావు. ఒక లైసెన్సు చేతికొచ్చాక కొంతకాలం నిజమైన జట్టుకు శిక్షణ ఇచ్చి, ఆ అనుభవాన్ని చూపితే గానీ తర్వాతి కోర్సులో చోటు దొరకదు. పై స్థాయి కోర్సులు విడతలు విడతలుగా నెలల తరబడి సాగుతాయి, సీట్లు తక్కువ, ఫీజు ఎక్కువ. అందువల్ల డబ్బు ఒక్కటే చాలదు, ఏళ్లు కూడా వెచ్చించాలి. ఆట మానేశాక తీరిగ్గా మొదలుపెడదామనుకున్నవారు ‘ఏ’ లైసెన్సు దగ్గరికి చేరేసరికి, వారితో కలిసి ఆడినవారు, వారి ఆట చూసిన అధికారులు వారిని మరిచిపోయి ఉంటారు.

దేశంలో అగ్ర లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో హెడ్ కోచ్‌గా కూర్చోవాలంటే ప్రో లైసెన్సు గానీ దానికి సమానమైనది గానీ ఉండాలి. కింది లీగుల్లో ఏ లైసెన్సు కావాలో ఆయా సీజన్ల పోటీ నిబంధనల్లో ఉంటుంది. ఎవరో చెప్పింది నమ్మకుండా ఆ పత్రాన్ని మీరే చదవండి. కాగితం లేకపోతే ఎంతటివారికైనా ఇబ్బందే. 2003లో ఈస్ట్ బెంగాల్‌ను ఆసియాన్ క్లబ్ చాంపియన్‌షిప్ విజేతగా నిలిపిన సుభాష్ భౌమిక్ వంటి కోచ్ కూడా ‘ఏ’ లైసెన్సు లేక, 2012–13లో చర్చిల్ బ్రదర్స్ ఐ-లీగ్ గెలిచినప్పుడు టెక్నికల్ డైరెక్టర్ హోదాలోనే ఉండాల్సి వచ్చింది. హెడ్ కోచ్ స్థానంలో ఉన్నది మరియానో డయాస్.

కోర్సులో పరీక్షకులు చూసేది మీరు ఎంత బాగా ఆడతారన్నది కాదు. ఆటగాళ్లుగా పేరున్నవారు చాలామంది తడబడేది ఇక్కడే. మీకు ఒక అంశం ఇస్తారు, ఉదాహరణకు వెనక నుంచి బంతిని మిడ్‌ఫీల్డ్‌కు చేర్చడం. మీరు ఆటగాళ్లను నిలబెట్టి ఆట నడిపిస్తారు. పొరపాటు జరిగిన క్షణంలో ఆట ఆపాలి. అందరూ ఎక్కడివారక్కడే ఆగిపోవాలి. ఇక్కడ కొత్త కోచ్ చేసే మొదటి తప్పు బంతి ఉన్న ఆటగాడిని మందలించడం. నిజానికి పొరపాటు తరచుగా బంతి లేని వాడిది. రక్షణ వరుస ముందు ఆడే హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్ ప్రత్యర్థి ఫార్వర్డ్ నీడలో నిలబడ్డాడు, అందుకే రక్షణ మధ్యలో ఉన్న సెంటర్‌బ్యాక్ పాస్ ఇచ్చే దారి లేక లాంగ్ బాల్ కొట్టాడు. మీరు ఆ మిడ్‌ఫీల్డర్ దగ్గరికి నడిచి వెళ్లి, రెండడుగులు పక్కకు జరిపి, శరీరాన్ని సగం తిప్పించి, ‘ఇప్పుడు నీకు ఏం కనిపిస్తోంది?’ అని అడిగి, అదే పాస్‌తో ఆట తిరిగి మొదలుపెట్టాలి. ఇదంతా అర నిమిషంలో ముగియాలి. అంతకు మించితే మిగతా ఆటగాళ్ల ఒంట్లో వేడి చల్లారుతుంది, మీ మీద గురి కూడా తగ్గుతుంది. ఇది ఇంట్లో చదివితే వచ్చేది కాదు కాబట్టి, మీ పేటలో సాయంత్రం ఆడుకునే పిల్లలతోనైనా ముందుగా సాధన చేయండి.

మీరు చూసిన కోచ్‌లందరినీ రాసి పెట్టుకోండి

క్లబ్బులు మారిన ఆటగాడికి ఒక ఆస్తి ఉంటుంది. ఒకే క్లబ్‌లో వెలిగిన స్టార్ ఇద్దరు ముగ్గురు కోచ్‌ల దగ్గర పని చేసి ఉంటాడు, మీరు ఏడెనిమిది మంది దగ్గర చేసి ఉంటారు. జీతాలు ఆగినప్పుడు డ్రెస్సింగ్ రూమ్‌ను ఎవరు ఎలా నిలబెట్టారో, బెంచ్ మీద కూర్చోబెట్టిన సంగతిని ఆటగాడికి ఎవరు ముందే చెప్పారో, ఎవరు జట్టు జాబితా గోడకు అంటించి మాయమయ్యారో మీకు తెలుసు. ఆ అనుభవాన్ని జ్ఞాపకానికి వదిలేస్తే మూడేళ్లలో కబుర్లుగా మిగులుతుంది. రాసి పెడితే పనికొస్తుంది.

రాసే పద్ధతి సరళంగా ఉండాలి. ప్రతి శిక్షణ తర్వాత ఒక పేజీ: ఏ డ్రిల్, ఎంత కొలత గల స్థలంలో, ఎంతమందితో, ఎన్ని నిమిషాలు, ఆటగాళ్లు ఎక్కడ విసుగు చెందారు. మ్యాచ్ తర్వాత ఇంకో పేజీ, దానిలో మిడ్‌ఫీల్డర్ మాత్రమే చూడగలిగేవి. ప్రత్యర్థి గోలీ గోల్ కిక్ కొట్టాడు, మన సెంటర్‌బ్యాక్ హెడర్ గెలిచాడు, కింద పడిన బంతి ఎవరికి దక్కింది, ఆ సమయంలో మన రెండో మిడ్‌ఫీల్డర్ ఎంత దూరంలో ఉన్నాడు? మనం దాడిలో బంతి పోగొట్టుకున్న క్షణంలో ఎడమ ఫుల్‌బ్యాక్ ఎక్కడున్నాడు? టీవీ కెమెరా బంతి వెంట వెళుతుంది కాబట్టి ఈ ప్రశ్నలకు అందులో జవాబు తక్కువ. మీరు ఆ పచ్చిక మధ్యలో నిలబడి ఉన్నారు కాబట్టి మీ దగ్గర ఉంటుంది.

గొప్ప ఆటగాడు కాకపోయినా గొప్ప కోచ్ కావచ్చనడానికి హైదరాబాద్‌కు దూరంగా వెతకనక్కర్లేదు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1950 నుంచి 1963లో చనిపోయేవరకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును నడిపారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కుర్రాళ్లకు బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతుతో, డ్రిబ్లింగ్ లేకుండా ఆడాలన్న షరతుతో పోటీలు పెట్టడం ఆయన పద్ధతి. తరగతి గదిలో నేర్చిన నేర్పు అది. నియమం మార్చితే అలవాటు దానంతటదే మారుతుందని ఆయనకు తెలుసు. ఇన్ని దశాబ్దాలు గడిచినా మీరు కోర్సులో నేర్చుకునే శిక్షణ పద్ధతికి ఇదే మూలసూత్రం.

చివరి రెండు సీజన్లు ఎక్కడ ఆడాలో ఆలోచించి ఎంచుకోండి

ముప్పై రెండేళ్ల వయసులో రెండు క్లబ్బులు పిలిచాయనుకోండి. ఒకటి జీతం కొంచెం ఎక్కువిస్తుంది గానీ దానికి సీనియర్ జట్టు తప్ప ఏమీ లేదు. రెండోది తక్కువిస్తుంది గానీ దానికి అండర్-13, అండర్-15 జట్లున్నాయి, రిజర్వ్ జట్టుంది. కోచ్ కావాలనుకుంటున్న మీరు రెండోదానికి వెళ్లాలి. వెళ్లేటప్పుడే వారంలో రెండు సాయంత్రాలు పిల్లల జట్టుతో పని చేస్తానని ఒప్పందంలో రాయించుకోండి. నోటిమాటగా చెప్పిన అవకాశం సీజన్ మధ్యలో ఎవరికీ గుర్తుండదు.

ఉద్యోగ కోటాలో డిపార్ట్‌మెంట్ జట్టుకు ఆడుతున్నవారి పరిస్థితి వేరు. పోలీసు, రైల్వే, బ్యాంకు ఉద్యోగం చేతిలో ఉండటం పెద్ద భరోసా, దాన్ని తొందరపడి వదులుకోమని ఎవరూ చెప్పకూడదు. కాని బయటి క్లబ్‌కు కోచింగ్ ఇవ్వాలంటే శాఖ అనుమతి కావాలి, దీర్ఘకాలపు కోర్సులకు సెలవు కావాలి. ఈ రెండింటినీ లిఖితపూర్వకంగా తెచ్చుకుని, మీ శాఖ జట్టుకే సహాయ కోచ్‌గా మొదలుపెట్టడం సురక్షితమైన మార్గం.

పిల్లల జట్టును చిన్నచూపు చూడకండి. సీనియర్లకు ‘కాంపాక్ట్‌గా ఉండండి’, అంటే ఒకరికొకరు దగ్గరగా ఉండండి, అంటే అర్థమవుతుంది. పన్నెండేళ్ల కుర్రాడికి దాన్ని చూపించాలి, తాడు కట్టి చూపించినా తప్పు లేదు. అక్కడ అలవడిన స్పష్టత పెద్ద జట్టు ముందు నిలబడినప్పుడు కనిపిస్తుంది.

సహాయ కోచ్‌గా ఉండగా

ఈ దశ అన్నిటికన్నా ముఖ్యం, ఎక్కువమంది పాడు చేసుకునేదీ దీన్నే. హెడ్ కోచ్ మీద ఆటగాళ్లు మీ దగ్గర ఫిర్యాదు చేస్తారు, ఎందుకంటే నిన్నటిదాకా మీరు వాళ్లలో ఒకరు. వినండి, తలూపకండి. అధికారులు మీ అభిప్రాయం అడుగుతారు, హెడ్ కోచ్‌కు ముఖం మీద చెప్పగలిగిందే వారికీ చెప్పండి. పదవి కోసం గోతులు తవ్విన సహాయ కోచ్ కథ భారత ఫుట్‌బాల్ వంటి చిన్న ప్రపంచంలో తదుపరి క్లబ్‌కు మీకంటే ముందే చేరుతుంది.

పనిలో మాత్రం ఒక విభాగాన్ని పూర్తిగా మీదిగా చేసుకోండి. సెట్ పీస్‌లు అందుకు అనువైనవి. కార్నర్లు, ఫ్రీ కిక్‌లు, లాంగ్ త్రోలు వారంలో ఇరవై నిమిషాల శిక్షణతో ఫలితం చూపిస్తాయి, ఆ ఫలితం ఎవరి పనివల్ల వచ్చిందో అందరికీ తెలుస్తుంది. వీడియో కోసి ఆటగాళ్లకు చూపడం నేర్చుకోండి. ఒక్కో ఆటగాడికి మూడు క్లిప్పులు చాలు, పదిహేను చూపితే ఒకటీ గుర్తుండదు.

ఇక ఆ రోజు వస్తుంది. క్లిఫర్డ్ మిరాండా సంగతి చూడండి. గోవాలోని డెంపో క్లబ్ మిడ్‌ఫీల్డర్‌గా పేరు తెచ్చుకున్న ఆయన ఎఫ్‌సీ గోవాలో సహాయకుడిగా ఉండగా, 2019–20 సీజన్ చివర్లో హెడ్ కోచ్ సెర్గియో లొబేరాను క్లబ్ తప్పించడంతో మధ్యంతర బాధ్యత ఆయన మీద పడింది. గోవా లీగ్ దశలో అగ్రస్థానంలో నిలిచి ఆసియా చాంపియన్స్ లీగ్ గ్రూప్ దశకు అర్హత సాధించింది. మళ్లీ 2023 ఏప్రిల్‌లో ఒడిశా ఎఫ్‌సీకి మధ్యంతర కోచ్‌గా దేశీయ క్లబ్బుల పోటీ అయిన సూపర్ కప్ ఫైనల్లో బెంగళూరు ఎఫ్‌సీని 2–1తో ఓడించారు. అయినా తర్వాతి సీజన్‌కు ఒడిశా పూర్తికాలపు కోచ్‌గా తీసుకున్నది ఆ లొబేరానే. మధ్యంతర కోచ్‌కు ట్రోఫీ వచ్చినంత మాత్రాన కుర్చీ రాదని ముందే తెలిసి ఉంటే నిరాశ కొంత తగ్గుతుంది.

మధ్యంతర బాధ్యత వచ్చిన మొదటి మూడు రోజుల్లో కొత్త వ్యూహం జోలికి పోకండి. రక్షణ వరుసను సర్దండి, గాయాల జాబితా ఫిజియో నోట విని నిర్ధారించుకోండి, పాత కోచ్ పక్కన పెట్టిన ఇద్దరు ముగ్గురితో విడివిడిగా మాట్లాడండి. ఒక్క మార్పు మాత్రం కంటికి కనిపించేలా చేయండి. ఓడిపోతున్న జట్టుకు కొత్త సిద్ధాంతం ఎక్కదు, ఎవరెక్కడ నిలబడాలో తెలిస్తే ఊపిరి వస్తుంది.

సొంతంగా మొదటి జట్టు

మొదటి హెడ్ కోచ్ ఉద్యోగం ఎవరూ కోరుకోని చోటే దొరుకుతుంది, దాన్ని తీసుకోండి. ఇంగ్లండ్‌లో రీడింగ్ మిడ్‌ఫీల్డర్ ఫిల్ పార్కిన్‌సన్ 2003లో కోల్చెస్టర్ యునైటెడ్ అనే చిన్న క్లబ్‌తో మొదలుపెట్టి, 2006లో దాన్ని రెండో శ్రేణికి చేర్చారు. అదే మనిషి రెక్స్‌హమ్ క్లబ్‌ను 2023, 2024, 2025లో వరుసగా మూడుసార్లు పై శ్రేణికి ఎక్కించడం ఇప్పుడు ప్రపంచమంతా చూసింది.

ఐజాల్ కథ మనకు ఇంకా దగ్గరిది. 2015–16లో ఆ క్లబ్ ఐ-లీగ్ నుంచి కిందికి పడిపోయింది. గోవా క్లబ్బులు తప్పుకోవడంతో తిరిగి చోటు దొరికిన జట్టది. కొత్త సీజన్‌కు ఖాలిద్ అక్కడికి వెళ్లినప్పుడు ముంబయి ఎఫ్‌సీలో తన దగ్గర ఆడిన జయేష్ రాణే, ఆశుతోష్ మెహతా కూడా ఆ జట్టులో ఉన్నారు. మధ్యలో సిరియాకు చెందిన మహమూద్ అల్ అమ్నా, ఆ వెనక లైబీరియా ఆటగాడు ఆల్ఫ్రెడ్ జర్యాన్, వారి చుట్టూ మిజో కుర్రాళ్లు. 2017 ఏప్రిల్ 22న సొంత మైదానంలో మోహన్ బగాన్‌ను 1–0తో ఓడించి, 30న షిల్లాంగ్‌లో లజోంగ్‌తో 1–1తో డ్రా చేసుకున్న ఐజాల్ 18 మ్యాచ్‌ల్లో 37 పాయింట్లతో టైటిల్ గెలిచింది, బగాన్‌కు 36 వచ్చాయి.

ఇందులో మీరు అనుసరించగలిగేది జట్టు కూర్పు. డబ్బు తక్కువగా ఉన్నప్పుడు దాన్ని పదకొండు స్థానాలకూ సమానంగా పంచకండి. వెన్నెముకగా నిలిచే గోలీ, ఒక సెంటర్‌బ్యాక్, ఒక మిడ్‌ఫీల్డర్, ఒక స్ట్రైకర్ మీద ఖర్చు పెట్టి, అంచులను స్థానిక కుర్రాళ్లతో నింపండి. మీ మాట ముందే అర్థమయ్యే పాత ఆటగాళ్లు ఇద్దరు ఉంటే, డ్రెస్సింగ్ రూమ్‌లో సగం వివరణ వాళ్లే ఇస్తారు. అయితే అయిదారుగురిని తెచ్చుకుంటే మాత్రం అది ముఠా అవుతుంది, స్థానిక ఆటగాళ్లు దూరమవుతారు.

వనరులు చాలనప్పుడు ఆటగాడి స్థానం మార్చే ధైర్యం కూడా కావాలి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు గాయమైన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీమ్ ఫార్వర్డ్‌గా ఆడించారు. దక్షిణ కొరియాపై 2–1తో గెలిచిన ఫైనల్లో ఒక గోల్ జర్నైల్‌దే. అలాంటి నిర్ణయం గాలిలోంచి రాదు, ఆటగాడి హెడింగ్, ఎత్తు, మొండితనం కోచ్‌కు ఎప్పటినుంచో తెలిసి ఉండాలి.

ఒప్పందం మీద సంతకం చేసే ముందు

మహీంద్రా యునైటెడ్ 2010లో మూతపడింది. 2025–26 ఐఎస్‌ఎల్ సీజన్ సకాలంలో మొదలే కాలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2021–22లో ఐఎస్‌ఎల్ విజేత అయి కూడా, కొన్నేళ్లకే నగరం వదిలి ఢిల్లీకి తరలిపోయింది. ఇలాంటి రంగంలో నెల జీతం ఎంత అన్నదానికన్నా జీతం ఆగితే ఏమిటన్నది ముఖ్యం. మధ్యలో తొలగిస్తే ఎన్ని నెలల జీతం ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, ఇల్లు ఎవరు ఇస్తారు, సహాయకులను ఎవరు ఎంపిక చేస్తారు, జట్టు జాబితాపై తుది మాట ఎవరిది అన్నవన్నీ కాగితం మీద ఉండాలి. చివరిది మరీ ముఖ్యం. 2018లో ఈస్ట్ బెంగాల్ సూపర్ కప్‌కు ముందు, ఖాలిద్ కోచ్‌గా ఉండగానే సుభాష్ భౌమిక్‌ను టెక్నికల్ డైరెక్టర్‌గా తెచ్చింది. జట్టు ఫైనల్ చేరి బెంగళూరు చేతిలో 4–1తో ఓడింది, ఖాలిద్ ఆ క్లబ్‌లో ఆపై కొనసాగలేదు. మీ పైన ఒకరిని నియమిస్తే ఎవరి పని ఎంతవరకో రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది. అడిగితే ఏమనుకుంటారోనన్న మొహమాటం అక్కడ పనికిరాదు.

తొలగించాక

తొలగింపు తప్పదు. ఈ వృత్తిలో ఎప్పుడన్నదే ప్రశ్న. ఆ వారంలోనే బకాయిల లెక్క, అనుభవ ధ్రువపత్రం, మీరు తయారు చేసిన శిక్షణ ప్రణాళికల నకళ్లు తీసుకోండి. లైసెన్సు గడువును, దాన్ని పునరుద్ధరించడానికి కావాల్సిన శిక్షణ గంటలను సరిచూసుకోండి. పత్రికల వాళ్లు ఫోన్ చేస్తే క్లబ్‌కు ధన్యవాదాలు చెప్పి ముగించండి.

ఆ తర్వాత చిన్న పదవి వస్తే కాదనకండి. ఐ-లీగ్ గెలిచి, ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ రెండింటికీ కోచ్‌గా చేసిన ఖాలిద్ 2019లో నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌లో విదేశీ కోచ్ కింద సహాయకుడిగా చేరారు. 2021 జనవరిలో అప్పటి హెడ్ కోచ్ గెరార్డ్ నూస్‌ను క్లబ్ తప్పించినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. మధ్యంతర బాధ్యత తీసుకుని, లీగ్ దశ ముగిసేవరకు ఓటమి లేకుండా నడిపి జట్టును ప్లే-ఆఫ్‌కు చేర్చారు. ఆ ఏడాదే ఐఎస్‌ఎల్‌లో పూర్తికాలపు హెడ్ కోచ్ అయిన మొదటి భారతీయుడిగా నిలిచారు. తర్వాతి సీజన్ బాగా సాగలేదు, పదవి పోయింది. అప్పుడు ఆయన కింది శ్రేణిలోని ఎఫ్‌సీ బెంగళూరు యునైటెడ్‌కు వెళ్లారు. 2023–24 సీజన్ మధ్యలో ఐఎస్‌ఎల్ క్లబ్ జంషెడ్‌పూర్ నుంచి పిలుపు వచ్చేసరికి ప్రో లైసెన్సు చేతిలో ఉంది, జట్టుకు శిక్షణ ఇస్తూ మైదానంలోనే ఉన్నారు.